సరస్సుకి అవతల నిలబడ్డ ఆవిడ

నాకప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. అర్ధరాత్రి దాటాక మంచినీళ్లకని లేచి హాల్లోకొచ్చేసరికి టీవీ నడుస్తోంది, సౌండ్ బాగా తగ్గించి ఉంది, గదిలో ఇంకో లైటు లేదు, అత్తయ్య ఒక్కతే కుర్చీలో కూర్చుని ఏదో బ్లాక్ అండ్ వైట్ ఇంగ్లీషు సినిమా చూస్తోంది. పొద్దున్నే స్కూలుంది వెళ్లి పడుకో అంటుందేమో అనుకున్నా కానీ ఏమీ అనలేదు, కొంచెం పక్కకి జరిగింది అంతే, నేనెళ్లి ఆ జరిగిన చోట ఇరుక్కుని కూర్చున్నా.

తెరమీద ఒక సరస్సు. ఒడ్డున చిన్న మండపంలాంటిది, అందులో ఒక పాప, ఆ పాపకి చదువు చెప్పే టీచరమ్మ. పాప తనలో తను ఏదో పాట కూనిరాగం తీసుకుంటోంది. టీచరమ్మ ఊరికే తలెత్తి నీళ్లకి అవతలవైపు చూస్తే, అక్కడ రెల్లుగడ్డి మధ్యలో నల్లబట్టలేసుకున్న ఒకావిడ నిలబడి ఉంది. అంతే. ఏమీ చెయ్యదు, దగ్గరికి రాదు, అరవదు, మొహం కూడా సరిగ్గా తెలీదు. ఊరికే నిలబడి ఉంది, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు.

"అత్తయ్యా, ఆవిడెవరు?" అనడిగా.

"ఎవరే?" అంది.

"అదిగో, నీళ్లకవతల, నల్లబట్టల్లో."

అప్పటికి షాట్ మారిపోయింది. అత్తయ్య టీవీ మీంచి కళ్లు తీయకుండానే "నాకెవరూ కనపడలేదే" అంది.

ఇప్పటికీ ఆ మాట అన్న గొంతు నాకు గుర్తే. ఆటపట్టించిందా, కునుకు పట్టి నిజంగానే చూళ్లేదా, చూసి కూడా నేను భయపడతానని అలా అందా, ఏదీ తెలీదు. అడిగుండాల్సింది, ఆ వయసులో తోచలేదు. తర్వాత నేను సగం నిద్రలోకి జారిపోయాను, మధ్యలో ఒకసారి కళ్లు తెరిస్తే ఇంకో సీన్, పిల్లలు చదువుకునే గది, ఎవరూ లేరు, బల్ల దగ్గర అదే నల్లబట్టలావిడ తల వంచుకుని ఏడుస్తోంది, టీచరమ్మ దగ్గరికెళ్తే మాయమైపోయింది. బల్ల ఖాళీ. అక్కడున్న పలక మీద మటుకు ఒక తడి చుక్క, టీచరమ్మ వేలితో దాన్ని ముట్టుకుని చూసుకుంటుంది. దయ్యం కన్నీటి చుక్క. ఆ తర్వాత పొద్దున్న నా మంచం మీద లేవడమే గుర్తుంది.

నేను ఆ రోజు భయపడలేదు, ఈ సంగతి చెప్తే చాలామంది నమ్మరు. భయం తర్వాతొచ్చింది. రెండు మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట బాల్కనీలోంచి ఎదురుగా ఖాళీ స్థలం చూస్తుంటే, అక్కడ ఎవరూ లేరు, ఎవరూ లేరని నాకూ తెలుసు, అయినా ఆ ఎవరూ లేకపోవడాన్ని మరీ గట్టిగా చూస్తున్నానని అనిపించింది. అప్పుడు లోపలికి పరిగెత్తుకొచ్చేశా. ఖాళీ జాగా వైపు చూడాలంటే ఒక రకమైన బెరుకు నాకు ఆ రోజుతోనే మొదలైంది, ఇన్నేళ్లయినా కొంచెం మిగిలే ఉంది.

తర్వాత చాలా ఏళ్లు ఆ సినిమా పేరు తెలీలేదు. అత్తయ్యని అడిగితే "ఎన్ని సినిమాలు చూస్తాం, ఏదో ఒకటి" అనేది. స్కూల్లో ఎవరితోనైనా దయ్యం సినిమాల మాటొస్తే నేను ఈ సరస్సు సీన్ చెప్పేదాన్ని, వాళ్లు "తర్వాతేమైంది?" అనేవాళ్లు, ఏమీ అవలేదనేదాన్ని, "ఓస్ అంతేనా" అనేవాళ్లు. నాకు తగువాడాలనిపించేది కానీ ఏమని వాదిస్తాం, వినేవాళ్లకి అందులో ఏమీ లేదు మరి. నిలబడ్డ ఒక మనిషి, అంతే కదా.

కాలేజీ అయిపోయి ఉద్యోగంలో చేరాక ఒక రోజు నెట్‌లో ఏదో వెతుకుతుంటే పాత దయ్యం సినిమాల ఫొటోలు కొన్ని కనపడ్డాయి, అందులో అది, అదే సరస్సు, అదే రెల్లు, అదే ఆవిడ. వేళ్లు చల్లబడిపోయాయి. 'ది ఇన్నోసెంట్స్', 1961, దర్శకుడు జాక్ క్లేటన్, టీచరమ్మగా చేసింది డెబోరా కెర్. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన ఒక పెద్ద కథ దానికి ఆధారం, స్క్రిప్టులో ట్రూమన్ కపోటీ చెయ్యి కూడా ఉంది. ఆ రాత్రే మొత్తం సినిమా చూసేశా, మొదటిసారి మొదట్నుంచి చివరిదాకా.

మొదలవ్వడమే తెర మొత్తం చీకటి. బొమ్మ లేదు, పేర్లు లేవు, చీకట్లో ఒక చిన్నపిల్ల గొంతు మటుకు పాడుతూ ఉంటుంది, ఎంతసేపటికీ ఏమీ రాదు, కంప్యూటర్ ఏమైనా ఆగిపోయిందేమో అని నేను మౌస్ కదిపి చూశా. ఆ పాటే తర్వాత పాప సరస్సు దగ్గర కూనిరాగం తీసే పాట.

సరస్సు సీన్ వచ్చింది. వచ్చి వెళ్లిపోయింది. నేను వెనక్కి తిప్పి మళ్లీ చూశా, మళ్లీ చూశా. నా జ్ఞాపకంలో అది సాయంత్రం, వెలుతురు తగ్గిపోయి మసకగా ఉండేది, సినిమాలో చూస్తే శుభ్రంగా పగటి వెలుతురు. నా జ్ఞాపకంలో ఆవిడ చాలా నెమ్మదిగా మా వైపు తల తిప్పేది, ఆ తల తిప్పడమే ఇన్నేళ్లూ నన్ను వెంటాడింది, సినిమాలో ఆవిడ అస్సలు కదల్లేదు. ఒక్క అంగుళం కూడా కదల్లేదు. ఆ తల తిప్పింది నేను. పదేళ్ల పిల్ల బుర్రలో కూర్చుని ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ వచ్చా.

ఈ రకం సినిమాల మీద నాకు పిచ్చి పట్టుకుంది అక్కడే. తెరమీద చూపించింది చారెడు, మిగతాదంతా మనతోటే చేయించుకుంటాయి, మనం చేసుకున్నది కాబట్టి అది మనల్ని వదిలి ఎటూ పోదు. సినిమా వాళ్లు తయారుచేసిన దయ్యమైతే హాల్లో లైట్లేయగానే అక్కడే ఉండిపోతుంది.

మన భాషలోనే దీనికి మంచి మాటలున్నాయి కదా. ఉలిక్కిపడటం వేరు, దడుచుకోవడం వేరు, గుబులు వేరు. తలుపు వెనకనుంచి ఎవరో భౌ అంటే ఉలిక్కిపడతాం, మరుక్షణం నవ్వేస్తాం. గుబులు అలాక్కాదు, దానికి కారణం చూపించలేం, కడుపులో ఎక్కడో చిన్నగా మొదలై అన్నం తింటున్నా బట్టలు మడతపెడుతున్నా ఉంటూనే ఉంటుంది. నాకు గుబులు పెట్టే సినిమాలు కావాలి. ఉలిక్కిపడేలా చేసే సినిమాలంటే చులకనేం లేదు, స్నేహితులతో కలిసి కేకలేస్తూ చూస్తా, కానీ ఇంటికొచ్చాక అవి గుర్తుండవు.

తమాషా ఏంటంటే ఆ ఉలికిపాటు కిటుకు పుట్టింది కూడా ఈ నెమ్మది సినిమాల్లోనే. 1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్'లో ఒకమ్మాయి రాత్రిపూట ఒంటరిగా నడుస్తుంటుంది, వెనక ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు, కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది, ఆగిపోవడమే భయం, ఆమె అడుగు తొందర చేస్తుంది, మనం మృగం ఏదో దూకుతుందని బిగుసుకుని ఉంటే బుస్సుమని చప్పుడు, చూస్తే బస్సు వచ్చి ఆగింది. అంతే, మామూలు బస్సు. నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఆ కిటుకుని ఇప్పటికీ 'లూటన్ బస్' అంటారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ బుస్సుని మటుకు పట్టుకున్నారు, దానికి ముందు ఉన్న అంతసేపటి నడకని వదిలేశారు.

'ది ఇన్నోసెంట్స్' దగ్గరికే మళ్లీ వస్తా, ఒక విషయం చెప్పకపోతే తోచదు నాకు. ఆ సినిమాని వెడల్పాటి తెరకి తియ్యాలని స్టూడియో వాళ్లు పట్టుబట్టారు, క్లేటన్‌కి అది ఇష్టం లేదు, ఈ కథకి అంత వెడల్పెందుకని ఆయన బాధ. అప్పుడు కెమెరామన్ ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఏం చేశాడంటే, ఫిల్టర్లకి అంచుల దగ్గర రంగు పూయించి కెమెరా ముందు పెట్టాడు, దాంతో తెర మధ్యలో వెలుతురు, రెండు పక్కలా మెల్లగా చీకటి. నేను ఈ సంగతి చదివాక సినిమా మళ్లీ చూస్తే అర్థమైంది, నా కళ్లు సినిమా మొత్తం ఆ అంచుల దగ్గరే తిరుగుతున్నాయని. అక్కడ ఏమీ లేదు. ఏమైనా ఉందేమో అని వెతికేది మనమే.

ఇంకా లోపలికెళ్తే, టీచరమ్మకి కనపడే ఇద్దరూ, చనిపోయిన పాత టీచరు, ఇంట్లో పనిచేసి చనిపోయిన ఒక మగమనిషి, వాళ్లు నిజంగా ఉన్నారా లేక ఈమె మనసు కల్పించుకుంటోందా అనేది సినిమా చివరిదాకా తేల్చి చెప్పదు. ఇల్లు చూసుకునే పెద్దావిడ ఒకామె ఉంటుంది, మిసెస్ గ్రోస్ అని, మంచి మనిషి, అబద్ధం చెప్పే రకం కాదు. మళ్లీ అదే సరస్సు దగ్గర టీచరమ్మ అదిగో చూడండి చూడండి అని చూపిస్తే ఆ పెద్దావిడకి ఏమీ కనపడదు. పాపేమో లేదు లేదని కేకలు పెడుతుంది.

ఆ సీన్ దగ్గర నేను సినిమా ఆపేశా. నాకెవరూ కనపడలేదే అన్న అత్తయ్య గొంతు చెవిలో వినపడింది, అచ్చం అప్పటిలాగే.

అత్తయ్య గురించి కొంచెం చెప్పాలి. నాన్న వాళ్ల చెల్లెలు. మా నాయనమ్మ మంచాన పడ్డాక అన్నేళ్లూ ఆవిడే చూసుకుంది. రాత్రి పన్నెండింటికొక మందు, తెల్లారగట్ల ఇంకోటి, మధ్యలో అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం. అందుకే ఆ వేళప్పుడు మెలకువగా ఉండేది, అందుకే టీవీ. సౌండ్ తగ్గించి ఎందుకు చూసేదంటే, నాయనమ్మకి గట్టిగా పిలిచే ఓపిక ఉండేది కాదు, పక్కనున్న గ్లాసు తీసుకుని మంచం పట్టీ మీద కొట్టేది, టక్, టక్ అని. ఆ చప్పుడు వినపడాలి. చిన్నప్పుడు ఇవన్నీ నాకు ఇంట్లో గడియారం చప్పుడులాంటివి, ఉన్నాయి అంతే, ఆలోచించలేదు.

ఆలోచించింది 'ది హాంటింగ్' చూసినప్పుడు. 1963లోది, రాబర్ట్ వైజ్ తీశాడు. నేను చూసిన విధానం కూడా చెప్తా. ఒక్కదాన్నే ఉన్నా రూములో, అర్ధరాత్రి, ఇద్దరాడవాళ్లు ఒక గదిలో ఉంటే బయట వరండాలో గోడల మీద దబ్ దబ్ అని ఏదో కొడుతూ దగ్గరికి వస్తుంటుంది, ఆ సీన్ నేను తట్టుకోలేకపోయా, రిమోట్ తీసుకుని మ్యూట్ నొక్కేశా. నొక్కగానే భయం పోయింది. మొత్తం పోయింది, స్విచ్ ఆపినట్టు. తెరమీద ఉన్నదల్లా ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఒక తలుపు వైపు చూడటం. నేను ఇంతసేపూ ఏం చూసి వణికాను మరి? తెరమీద ఏమీ లేదు, తలుపు ఉంది, అంతే. సౌండ్ పెడితే తలుపు అవతల ఏదో ఉంది. తీసేస్తే లేదు. నాలుగైదుసార్లు అలా పెట్టి తీసి పెట్టి తీసి చూశా. తర్వాత 'ది ఇన్నోసెంట్స్' సరస్సు సీన్ కూడా మ్యూట్‌లో పెట్టి చూశా, అదేమో ఏం మారలేదు, ఇంకొంచెం ఎక్కువైంది కూడా. ఒకటి చెవితో పనిచేస్తుంది, ఒకటి కంటితో. ఆ రాత్రి నేర్చుకున్నంత నాకు ఏ సినిమా పుస్తకమూ నేర్పలేదు.

ఆ దబ్ దబ్ మొదలైనప్పుడు నిద్రలో ఉన్న ఎలినార్ ఉంటుంది చూడండి, జూలీ హారిస్ చేసింది, ఆమె కళ్లు కూడా తెరవకుండా ముందు అనే మాట, వస్తున్నానమ్మా అని. పదకొండేళ్లు మంచాన పడ్డ తల్లికి సేవ చేసిన మనిషి ఆమె. తల్లి గోడ మీద కొట్టి పిలిచేది. తల్లి పోయిన రాత్రి కూడా కొట్టింది, ఆ రాత్రి ఈమె లేచి వెళ్లలేదు. విని వెళ్లలేదా, వినపడలేదా, ఆమెకే తెలీదు. ఇప్పుడు ఎవరిదో పాత భవంతిలో గోడలు చప్పుడు చేస్తుంటే ఆమెకి వినపడుతున్నది ఇంకెవరి పిలుపు?

మంచం పట్టీ మీద గ్లాసు చప్పుడు గుర్తొచ్చింది నాకు. అంతవరకూ అత్తయ్య ఆ సినిమాలు కాలక్షేపానికి చూసేదనుకున్నా. నాయనమ్మ పోయాక కూడా, మాకెవరికీ దేనికీ లేవాల్సిన పని లేకపోయినా, ఆవిడ టీవీ సౌండ్ అంతలోనే ఉంచేది. మా నాన్న ఎన్నిసార్లో "కొంచెం పెంచవే, ఏం వినపడుతుందది" అనేవాడు. పెంచేది, నాన్న లేచెళ్లగానే మళ్లీ తగ్గించేది. మేమంతా అది అలవాటనుకున్నాం.

నేను వెంటనే ఫోన్ చేయాలనుకున్నా, అర్ధరాత్రని ఆగిపోయా. తెల్లారి చేశా కానీ మామూలు మాటలే మాట్లాడి పెట్టేశా. ఎలా అడుగుతాం అలాంటివి?

'ది హాంటింగ్'లో దయ్యం ఒక్కసారి కూడా కనపడదు, రెండు గంటల సినిమాలో ఒక్కసారి. లోపలి గదులన్నీ చీకటి కూడా కాదు, బాగా వెలుతురుగా, నగిషీలతో నిండుగా ఉంటాయి, పైకప్పులు కనపడేలా కట్టించి మన నెత్తిమీదకి దించాడు. ఇంకా సిద్ధం కాని ఒక వైడ్ లెన్స్ పానావిజన్ వాళ్ల దగ్గరుందని తెలిసి అదే కావాలన్నాడట వైజ్, దాంట్లో బొమ్మ వంకరపోతుందని, లోపం ఉందని తెలిసే తీసుకుంటున్నానని సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చారట. ఆయనకి ఆ వంకరే కావాలి. అందుకే ఆ ఇంట్లో గోడలు నిలువుగానే ఉన్నా మనకి ఎక్కడో ఒరిగినట్టు ఉంటుంది. తలుపు ఊపిరి పీల్చినట్టు ఉబికే షాట్ ఉంది, పలచటి చెక్క పొరలతో చేసిన తలుపు, అవతల నుంచి ఒక బలమైన మనిషి తోస్తున్నాడు, అంతే దాని వెనక రహస్యం, అది తెలిసినా నాకు ఆ తలుపు చూస్తే ఇప్పటికీ అరచేతులు తడుస్తాయి. ఈ సినిమాకి ఆధారమైన నవలనే 1999లో మళ్లీ తీశారు, కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో అన్నీ చూపించేశారు, విగ్రహాలు కదులుతాయి, ఇల్లే మీదపడుతుంది, నాకు ఒక్క చోట కూడా గుండె జారలేదు.

ఆ పాత సినిమాలోనే చేతి సీన్ ఒకటుంది, దాని గురించి ఎక్కువ చెప్పను, చూడనివాళ్లుంటే పాడైపోతుంది. చీకట్లో భయమేసి పక్కనున్న స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకోవడం, లైటు వెలిగాక ఆ స్నేహితురాలు ఎక్కడుందో చూడటం. ఇంతే.

ఇలా ఒకదాని వెంట ఒకటి వెతుక్కుని చూడ్డం అలవాటైంది. 1980లో వచ్చిన 'ది ఛేంజ్‌లింగ్'లో భార్యనీ కూతుర్నీ యాక్సిడెంట్‌లో పోగొట్టుకున్న సంగీతకారుడు పెద్ద ఇంట్లో ఒక్కడే ఉంటాడు. కూతురి బంతి ఒకటి దాచుకుని ఉంటాడు. ఒక రోజు ఆ బంతి మెట్ల మీంచి తనంతట తను దొర్లుకుంటూ వస్తుంది. తీసుకెళ్లి వంతెన మీంచి నదిలో పారేసి ఇంటికొస్తాడు. తలుపు తీస్తే అదే బంతి మెట్ల మీంచి టప్ టప్ అని దిగుతుంది, ఈసారి తడిగా. ఆ తడి ఉంది చూశారూ, మొత్తం సినిమాలో నాకు మిగిలింది ఆ తడే. పలక మీద కన్నీటి చుక్క చూసిన కళ్లు కదా, ఇలాంటి చోట ఆగిపోతాయి. దయ్యం ఉందనడానికి రుజువు ఒక తడి మరక, తుడిచేస్తే పోయేంత.

మన దేశంలో ఇలాంటివి లేవా అంటే ఎందుకు లేవు. 1949లో 'మహల్'. అందులో 'ఆయేగా ఆనేవాలా' పాట తెలియనివాళ్లుండరు, దూరంగా మొదలై దగ్గరికొచ్చే గొంతు. రికార్డింగ్ అప్పుడు లతా మంగేష్కర్ మైక్‌కి దూరంగా నిలబడి పాడటం మొదలుపెట్టి పాడుతూ నడిచి దగ్గరికి వచ్చారట. రికార్డు మీద మొదట వేసిన పేరు కూడా ఆమెది కాదు, సినిమాలో పాత్ర పేరు, కామిని అని. పాడిన మనిషి ఎవరో తెలీకుండా ఒక గొంతు ఊరంతా తిరిగిందన్నమాట, దయ్యం కథకి అంతకన్నా ఏం కావాలి. చివర్లో దయ్యం లేదని విప్పి చెప్పేస్తారు, నాకు ఆ విప్పడం గుర్తుండదు, ఆ గొంతే గుర్తుంటుంది.

'మణిహార' సంగతి వేరు. సత్యజిత్ రాయ్ 1961లో టాగోర్ కథలు మూడు కలిపి 'తీన్ కన్యా' తీశాడు కదా, అందులో మధ్య కథ. నగలంటే ప్రాణమైన భార్య, ఆమె ప్రేమ కోసం నగలు కొనిచ్చే భర్త, ఇద్దరి మధ్యా మాటల్లేని ఒక పెద్ద ఇల్లు. బయట దేశాల్లో ఆ సినిమా వేసినప్పుడు ఈ కథ తీసేసి రెండిటితోనే వేశారు, నాకు అది చదివి ఎంత బాధేసిందో. మొగుడూ పెళ్లాల మధ్య మాట్లాడుకోని మాటలే ఇంట్లో దయ్యమై తిరుగుతాయని అంత మెత్తగా చెప్పిన సినిమా నాకు ఇంకోటి తెలీదు. కథ చెప్పే మాస్టారు నది మెట్ల మీద కూర్చుని, ముసుగేసుకుని వింటున్న ఒకాయనకి చెప్తుంటాడు. ఆ వింటున్నాయన ఎవరో చివర్లో చూడండి.

అన్నిటికన్నా నన్ను కుదిపేసింది మాత్రం ఈ మధ్యకాలం సినిమానే, 2008లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా 'లేక్ ముంగో'. డాక్యుమెంటరీలాగా ఉంటుంది, నీళ్లలో మునిగి చనిపోయిన టీనేజ్ అమ్మాయి, మిగిలిన అమ్మా నాన్నా తోడబుట్టినవాడూ కెమెరా ముందు కూర్చుని మాట్లాడతారు. ఇంట్లో తీసిన ఫొటోల్లో ఆ అమ్మాయి కనపడుతోందా అని వెతుకుతారు, కొన్ని నిజం కాదని తేలుతుంది, సరే అయిపోయింది, మనసు కుదుటపడింది, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతారు. సినిమా అయిపోయి పేర్లు పడుతుంటాయి. అప్పుడు ఇంతకుముందు మనం చూసేసిన బొమ్మలే మళ్లీ చూపిస్తారు, మెల్లగా, ఈసారి వేరే మూలకి తీసుకెళ్తారు. అక్కడ ఆ అమ్మాయి ఉంది. మొదట్నుంచీ ఉంది. అందరూ ఎక్కడో వెతుకుతుంటే పక్కనే నిలబడి ఉంది, వాళ్లూ చూళ్లేదు, మనమూ చూళ్లేదు. వెళ్లిపోయే ముందు ఇంటి ముందు తీసుకున్న ఫొటోలో కూడా వెనక కిటికీలో ఉంది.

ఆ రాత్రి ఎంత ఏడ్చానో. భయమేసి కాదు. ఆ అమ్మాయిని అలా వదిలేసి వెళ్లిపోయారే అని.

ఆ సినిమా నేను చూసేటప్పటికి అత్తయ్య పోయి ఏడాది దాటింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను హాల్లోకి వెళ్తే టీవీ వైపు చూసేదాన్ని, ఆవిడ మొహం వైపు ఎన్నిసార్లు చూసి ఉంటానో లెక్కపెట్టుకుంటే చాలా తక్కువ. ఆల్బమ్ తీసి మా పెళ్లిళ్లవీ పుట్టినరోజులవీ ఫొటోలన్నీ మళ్లీ చూశా. ఎందులోనూ మధ్యలో లేదు. ఒకదాంట్లో గుమ్మం దగ్గర సగం, ఒకదాంట్లో నాయనమ్మ మంచం వెనక చెయ్యి ఒకటే, ఒకదాంట్లో నేను కేక్ కోస్తుంటే నా వెనక గోడకి ఆనుకుని, మొహం లోపలి గది వైపు తిప్పి ఉంది. చప్పుడు ఏదో వినపడి ఉంటుంది.

దయ్యాలున్నాయా అని అడిగితే నేను ఏమీ చెప్పలేను, నాకు అందులో పట్టుదల కూడా లేదు. ఈ సినిమాలు చూశాక మనుషుల్ని చూసే తీరు మాత్రం మారింది, గదిలో మాట్లాడని మనిషి ఎవరున్నారా అని ముందు అటు చూస్తాను ఇప్పుడు.

మొన్న సెలవులకి అక్క కూతురొచ్చింది, దానికి పద్నాలుగేళ్లు, దయ్యం సినిమా పెట్టు పిన్నీ అని ఒకటే గోల. 'ది ఇన్నోసెంట్స్' పెట్టా. బ్లాక్ అండ్ వైటా అని మొహం చిట్లించింది, మొదట్లో ఆ చీకట్లో పాట వస్తున్నప్పుడు ఫోన్ పక్కన పెట్టింది, సరస్సు సీన్ వచ్చేసరికి దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకి వంగి కూర్చుంది. పాప కూనిరాగం తీస్తోంది. టీచరమ్మ తలెత్తింది. రెల్లు. ఆవిడ.

అది ఆవిడెవరని అడుగుతుందేమో అని ఊపిరి బిగపట్టుకుని చూశా. అడగలేదు. సీన్ అయిపోయింది, ఇంకో సీన్ కూడా సగమైంది, అప్పుడు నెమ్మదిగా అడిగింది.

"పిన్నీ, ఆ పాపకి ఆవిడ కనపడిందా లేదా?"

"నువ్వు చెప్పు, నీకేమనిపించింది?"

కొంచెంసేపు ఆలోచించింది.

"కనపడింది పిన్నీ. కానీ చెప్పదు."

నేను ఏమీ అనలేదు. కాసేపటికి అది లేచి వెళ్లి లోపలి గది లైటు వేసి వచ్చి, నా పక్కన జాగా చూసుకుని కూర్చుంది. రిమోట్ తీసుకుని సౌండ్ కొంచెం తగ్గించా.